భీమిలి వెళ్తే బీచ్ ఒక్కటే చూసి వచ్చేయకండి

ఈ ఎపిసోడ్‌లో భీమిలి గురించి మాట్లాడుకుందాం. పూర్తి పేరు భీమునిపట్నం. విశాఖ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుంటే దాదాపు 25 కిలోమీటర్లు.

చాలామంది ఇసుకలో నాలుగు ఫోటోలు దిగి వెనక్కి వచ్చేస్తారు. నేనైతే ముందు గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూడమంటాను. ఈ ఊరికి అదే ఆయువుపట్టు. నది కలిసే చోట పడవలు ఆగడానికి వీలుంటుంది. పడవలు ఆగితే వ్యాపారం వస్తుంది. 17వ శతాబ్దంలో డచ్ వాళ్లు ఇక్కడ దిగింది ఆ వ్యాపారం కోసమే. వాళ్ల సమాధులు బీచ్ దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే ఇక్కడ మున్సిపాలిటీ కూడా వచ్చేసింది.

ఇంకా వెనక్కి వెళ్దామా? ఊరి పక్కనే ఉన్న పావురాలకొండ ఎక్కండి. సుమారు 2,000 ఏళ్ల కిందట అక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారు. మరి అంత ఎత్తున నీళ్లెలా? రాతినే తొట్లుగా తొలిచి వాననీళ్లు పట్టుకున్నారు. ఆ తొట్లు ఇప్పటికీ చూడొచ్చు.

రెండు విషయాలు మాత్రం గుర్తుపెట్టుకోండి. ఒకటి, నది కలిసే చోట స్నానానికి దిగకండి. పైకి ప్రశాంతంగా కనిపించినా, ప్రవాహం లోపలికి లాగేస్తుంది. రెండు, సమాధుల మీద, తొట్ల మీద మీ పేర్లు చెక్కకండి. అక్కడ పడుకున్నది ఎవరో చెప్పేది ఆ రాతి అక్షరాలే. అవి చెరిగిపోతే మళ్లీ రాయించలేం.

పొద్దున్నే కొండ, సాయంత్రం బీచ్ పెట్టుకోండి. ఎండ దెబ్బ తగలదు. వెళ్లొచ్చాక ఏది నచ్చిందో కామెంట్‌లో చెప్పండి!