శత్రుదేశపు పిల్లల నుంచి బాలల హక్కుల దాకా

పందొమ్మిదో శతాబ్దంలో బాలల సంక్షేమం ఏ దేశానికి ఆ దేశం చేసుకునే చట్టాల వ్యవహారంగానే సాగింది. బ్రిటన్ 1833 ఫ్యాక్టరీ చట్టంతో తొమ్మిదేళ్లలోపు పిల్లలను చాలా బట్టల మిల్లుల్లో పనికి పెట్టకుండా నిషేధించగా, అదే బ్రిటన్ ఏలుబడిలోని భారతదేశంలో 1881 నాటి చట్టం ఆ హద్దును ఏడేళ్ల దగ్గరే ఉంచింది. సరిహద్దును బట్టి మారే ఈ లెక్కను మొదటి ప్రపంచ యుద్ధానంతర క్షామం గట్టిగా ప్రశ్నించింది.

1918 నవంబరులో కాల్పులు ఆగినా మిత్రరాజ్యాల సముద్ర దిగ్బంధం, అంటే శత్రుదేశాలకు సరుకు చేరకుండా ఓడలను అడ్డుకోవడం, మరికొన్ని నెలలు సాగడంతో ఆస్ట్రియా, జర్మనీల పిల్లలు తిండిలేక కృశించారు. ఆ పిల్లల ఫొటోలున్న కరపత్రాలను సెన్సారు అనుమతి లేకుండా పంచినందుకు 1919లో లండన్ కోర్టు సంఘసేవకురాలు ఎగ్లాంటైన్ జెబ్‌కు 5 పౌండ్ల జరిమానా విధించింది. ఆమెపై వాదించిన ప్రభుత్వ న్యాయవాదే ఆ మొత్తాన్ని తన జేబులోంచి ఇవ్వడం విశేషం. అదే ఏడాది ఆమె తన సోదరి డొరతీ బక్స్‌టన్‌తో కలిసి ‘సేవ్ ద చిల్డ్రన్ ఫండ్’ను స్థాపించారు.

చందాలు దాతల దయను బట్టి వచ్చేవి, పోయేవి కనుక, జెబ్ 1923లో ఐదు సూత్రాల ప్రకటనను రూపొందించగా, మరుసటి ఏడాది నానాజాతి సమితి దానిని ఆమోదించింది. ఆకలిగొన్న బిడ్డకు తిండి, రోగికి వైద్యం, ఆపదలో తొలి సాయం పిల్లలకే అన్న ఆ పత్రం ఉదాత్తమైనదే గాని, పేరులో హక్కులున్నా అందులో పిల్లలు పుచ్చుకునేవారే తప్ప అడిగేవారు కారు. బాధ్యత సైతం ప్రభుత్వాలపై కాక మానవజాతి అంతటిపైనా మోపడంతో నిలదీయదగిన వారెవరూ లేకుండా పోయారు.

ఈ లోటు తీర్చే ప్రతిపాదనను 1978లో పోలండ్ తెచ్చింది. పదేళ్లకు పైగా చర్చల తర్వాత ఐక్యరాజ్య సమితి 1989 నవంబరు 20న 54 అధికరణల ఒడంబడికను, అంటే ఆమోదించిన ప్రభుత్వం చట్టరీత్యా కట్టుబడవలసిన ఒప్పందాన్ని, ఆమోదించింది. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయం వినాలన్న పన్నెండో అధికరణ వీటన్నిటిలోకీ కొత్తది. అమెరికా ఒక్కటే నేటికీ దీనిని ధ్రువీకరించలేదు.

భారత్ 1992లో ఈ ఒడంబడికలో చేరుతూనే, బాలకార్మికుల గురించిన 32వ అధికరణను అంచెలంచెలుగా మాత్రమే అమలు చేయగలనని ప్రకటించింది. సరిగ్గా ఆ కాలంలోనే రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వాన ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, బడికి వెళ్లని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్న వాదంతో ఊరూరా పనిచేసింది. పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదన్న చట్టసవరణ 2016లో వచ్చింది. బడి వేళల తర్వాత కుటుంబ వృత్తుల్లో సాయపడడానికి మాత్రం అది మినహాయింపునిచ్చింది.