రెండు పెద్ద కొట్లు ఒకటైతే...

కంపెనీల విలీనం అనగానే మనం షేరు ధర చూస్తాం. కొనేవాళ్ళ సంగతి చూద్దాం.

అమెరికాలో గాలాలు, గుడారాలు, వేట సామాన్లు అమ్మే కబెలాస్‌ను దాని పోటీదారు బాస్ ప్రో షాప్స్ 2017 సెప్టెంబరులో దాదాపు 500 కోట్ల డాలర్లకు కొన్నది. పాత ఖాతాదారులకు క్లబ్ కార్డు పాయింట్లు పోతాయేమోనని బెంగ. అవి చెల్లుతాయని కంపెనీ ప్రకటించింది. ధరల బెంగకు మాత్రం ప్రకటన చాలదు. ఇక్కడ ఎక్కువంటే అక్కడికి పోయే వీలు తగ్గింది. మన హాస్టలు ముందరి రెండు కిరాణా కొట్లూ ఒకే సేటు కొన్నట్టన్నమాట! బోర్డులు మాత్రం రెండూ ఉంచారు.

అసలు దెబ్బ సిడ్నీకి తగిలింది. ఆస్ట్రేలియాలోది కాదు, నెబ్రాస్కాలో ఏడువేల జనం కూడా లేని ఊరు. కబెలాస్ ప్రధాన కార్యాలయం వల్ల అక్కడ సుమారు 2,000 ఉద్యోగాలుండేవి. చాలావరకు పోయాయి. కొందరు ఇళ్ళు అమ్మకానికి పెట్టారు, కొందరు అక్కడే చిన్న వ్యాపారాలు మొదలుపెట్టారు.