దోమకొండ గడి

నిజామాబాదు నుండి హైదరాబాదునకు పోవు దారిలో, కామారెడ్డికి సమీపమున దోమకొండ యను ఊరు కలదు. ఇది పూర్వము నిజామాబాదు జిల్లాలో నుండెను. 2016లో కామారెడ్డి జిల్లాలో చేరినది. ఇచట కామినేని వంశీయులగు సంస్థానాధీశుల కోట యున్నది. తెలంగాణమున దొరల నివాసమునకు గడి యని పేరు. కనుక జనులు దీనిని దోమకొండ గడి యనియే పిలుతురు.

ఈ గడి అంతయు ఒక్క కాలమున కట్టబడినది కాదు. లోపలి మహాదేవాలయము అన్నిటికంటె ప్రాచీనము. అది కాకతీయుల కాలపు రాతికట్టడము. కోట 18వ శతాబ్దమున రూపొందెను. వెలుపలి కందకమును, బురుజులను చూచినచో కట్టించినవారు యుద్ధభయము నెఱిగినవారని తోచును. లోపలి అద్దాలమేడ తీరు వేఱు. అచట కమానులు, స్తంభములు, వానిపై లతలు, పూవులు కన్నులకు విందు చేయును. ఆ పూవులు రాతిలో తొలిచినవి కావు. మెత్తని సున్నపు గారతో తీర్చినవి. గుడిలో పని ఉలిది, మేడలో పని తాపీది.

ఆ గార యెట్టిదో తెలిసికొనవలెను. పూర్వపు మేస్త్రీలు సున్నపురాతిని బట్టీలో కాల్చి, నీటిలో చల్లార్చి, కొన్ని దినములు నాననిచ్చి, ఇసుకతో కలిపి గానుగలో త్రిప్పెడివారు. ఎడ్లు లాగు రాతిచక్రము క్రింద అది వెన్నవలె మెత్తబడును. కరక్కాయలు, బెల్లము నానవేసిన నీటిని అందు పోయుట కూడ కలదు. బోధను చెఱకు సీమ బాలురు బెల్లము గోడలోనికి పోవునన్న నవ్వుదురేమో! కాని అది గారకు జిగిని, పట్టును ఇచ్చును. గోడకు పూసిన పిమ్మట సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లమెల్లగా మరల రాయి యగును. అట్టి గోడలోని తేమ వెలికి పోగలదు. దానిపై సిమెంటు పూసినచో తేమ లోననే నిలిచి గోడను తినివేయును. పాతగోడకు క్రొత్తపూత మేలని తలచువారు ఇచటనే పొరబడుదురు.

1949లో హైదరాబాదు రాజ్యమున జాగీరులు రద్దయ్యెను. పెక్కు గడులు పాడువడెను. వెట్టిచాకిరి బాధలు మఱవని పల్లెలలో వానికై కంటతడి పెట్టినవారు అరుదు. దోమకొండ గడియు శిథిలమయ్యెను. పిదప ఆ వంశమువారే తమ ధనముతో దానిని బాగుచేయించిరి. పాతకట్టడములు బాగుచేయుట యెఱిగిన వాస్తుశిల్పి చూపిన దారిలో పనివారు సున్నపు గారనే మరల చేపట్టిరి. 2022లో యునెస్కో ఆసియా, పసిఫిక్ ప్రాంతముల వారసత్వ పరిరక్షణ పురస్కారములలో ఒకటి దీనికి లభించెను. శిథిలమైన సొంత ఆస్తిని ఊరివారందఱికిని చెందిన స్థలముగా మార్చిరని న్యాయనిర్ణేతలు మెచ్చుకొనిరి. ఒకప్పుడు దొర పిలిచిననే గాని గడి ద్వారము దాటని పల్లెజనము నేడు అచటి ఉత్సవములకు తమంతట తామే పోవుచున్నారు.