పాత డీజిల్ బండి రేడియేటర్లో ఏముంది?

పాత బొలేరోలోనో, 407లోనో, పొలం దున్నే ట్రాక్టరులోనో ఏం పోస్తున్నారని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే. "నీళ్లేనండీ. మన ఎండలకు కూలెంటెందుకు, అది మంచు దేశాలవాళ్లకి." ఈ మాటలో సగం నిజముంది. లంబసింగిలో తిరిగే బండికి కూడా నీళ్లు గడ్డకట్టి బ్లాకు పగులుతుందన్న బెంగ అక్కర్లేదు. అయితే గడ్డకట్టకుండా ఆపడం కూలెంటు చేసే పనుల్లో ఒకటి మాత్రమే. తొందరగా మరగనివ్వకపోవడం, తుప్పును ఆపడం, లైనర్లకు చిల్లులు పడకుండా చూడటం అనే మిగతా మూడూ ఎండ దేశంలోనూ కావలసినవే. ఆ చివరి పని సంగతి చాలామంది యజమానులకు తెలియదు. తెలిసేనాటికి ఇంజిన్ దించాల్సి వస్తుంది.

ముందు నీళ్ల సంగతి. తాగడానికి పనికొచ్చిన నీళ్లన్నీ ఇంజిన్‌కు పనికిరావు. తాగునీటికి మన భారతీయ ప్రమాణం కాఠిన్యాన్ని లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మేలని, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఫరవాలేదని అంటుంది. క్లోరైడుకు ఆ హద్దులు 250, 1000. పెద్ద డీజిల్ ఇంజిన్లు చేసే కమ్మిన్స్ కంపెనీ కూలెంటులో కలిపే నీళ్లకు పెట్టిన హద్దులు వేరు: కాఠిన్యం 170 మించకూడదు, క్లోరైడు 40, సల్ఫేటు 100. తెలంగాణ రాతినేలల్లో చాలా బోర్ల నీళ్లు, కోస్తాలో ఉప్పు తగిలిన బావుల నీళ్లు ఈ పరీక్షలో నెగ్గవు. కాఠిన్యం వల్లే వేణ్ణీళ్ల బిందె అడుగున తెల్లటి పెచ్చు పేరుకుంటుంది. అదే పెచ్చు సిలిండర్ల చుట్టూ ఉన్న నీటి గదుల్లోనూ పేరుకుంటుంది. పోత ఇనుముతో పోలిస్తే అది వేడిని ఇరవై ముప్పై రెట్లు తక్కువగా దాటనిస్తుంది. మీటరు మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే అది నీటి వేడినే చూపిస్తుంది. పెచ్చు వెనక ఉన్న ఇనుము మాత్రం కాగిపోతుంటుంది.

మరుగు విషయం త్వరగా చెప్పేస్తాను. ఉత్త నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. ఇథిలీన్ గ్లైకాల్ సగం, నీళ్లు సగం కలిపితే సుమారు 108. రేడియేటర్ మూత 0.9 బార్ ఒత్తిడిని నిలబెడితే ఈ రెండు అంకెలూ మరో పద్దెనిమిది, ఇరవై డిగ్రీలు పైకి పోతాయి. కాబట్టి స్ప్రింగు వదులై, రబ్బరు ఎండిపోయిన మూతతో ఖరీదైన కూలెంటు పోసినా లాభం సగమే. ఘాట్ రోడ్డు మీద బండి మరిగిందంటే ముందు మూతను అనుమానించండి. అన్నిట్లోకి చవక సామాను అదే.

ఇక లైనర్లు. చాలా పాత డీజిల్ ఇంజిన్లలో, ముఖ్యంగా పెద్ద లారీల్లో, పిస్టన్ ఆడే లైనరు బయటి గోడకు నీళ్లు నేరుగా తగులుతాయి. కింద ఓ-రింగులు వేసి బ్లాకులో కూర్చోబెట్టే ఈ లైనర్లను వెట్ లైనర్లంటారు. మీ ఇంజిన్‌లో ఏ రకం ఉందో విడిభాగాల దుకాణంలో అడిగితే చెబుతారు. డీజిల్ మండే దెబ్బకు పిస్టన్ ఒక పక్కకు ఒరిగి లైనరును కొడుతుంది. ఆ దెబ్బకు లైనరు కంటికి కనిపించనంత సన్నగా, చాలా వేగంగా కంపిస్తుంది. గోడ వెనక్కి జరిగిన క్షణంలో దాన్ని ఆనుకున్న నీటిలో ఒత్తిడి పడిపోయి ఆవిరి బుడగలు పుడతాయి. గోడ మళ్లీ ముందుకొచ్చేసరికి అవి పేలిపోతాయి. పేలిన ప్రతి బుడగా సూదిమొన లాంటి నీటి ధారను ఇనుము మీదికి కొడుతుంది. లక్షలసార్లు ఇలా జరిగితే లైనరు బయటి వైపు గుంటలు పడి, అవి లోతై, చివరికి ఇటునుంచి అటు చిల్లు పడుతుంది. నీళ్లు సిలిండర్లోకి, అక్కణ్ణుంచి ఆయిల్లోకి దిగుతాయి. అమెరికాలో ఫోర్డ్ ట్రక్కులకు వేసిన నావిస్టార్ 7.3 లీటర్ల ఇంజిన్‌లో వెట్ లైనర్లు లేవు, సిలిండరు గోడ బ్లాకులోనే ఉంటుంది. అయినా ఇదే జబ్బుకు అది పేరుమోసింది. కాబట్టి వెట్ లైనర్ లేదని పూర్తిగా నిశ్చింతగా ఉండడానికి లేదు.

దీన్ని ఆపేది గ్లైకాల్ కాదు, అందులో చిటికెడంత కలిపే నైట్రైటు, మాలిబ్డేటు వంటి లవణాలు. అవి ఇనుము మీద పలుచని పొర కడతాయి. బుడగ ఆ పొరను కొడుతుంది, పొర చెదురుతుంది, లవణం మళ్లీ పొర కడుతుంది. ఇలా బండి నడిచినకొద్దీ లవణం ఖర్చవుతూ పోతుంది. గ్లైకాల్ ఎక్కడికీ పోదు, రంగూ పోదు. అందుకే పచ్చగా నిగనిగలాడే కూలెంటు కూడా లోపల ఖాళీ అయిపోయి ఉండొచ్చు. రంగు చూసి కూలెంటు బాగుందని చెప్పే మెకానిక్ మాట నేనైతే నమ్మను.

నమ్మాల్సింది పరీక్షను. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీయండి. వేడి మీద తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి లోపలున్నది ఆవిరై మొహం మీదికి చిమ్ముతుంది. ముందు చూడండి, వేలు పెట్టి చూడండి. ఎర్రమట్టి రంగుంటే తుప్పు. మీద నూనె జిడ్డు తేలితే ఆయిల్ కూలరో హెడ్ గ్యాస్కెటో అనుమానించాలి. జిగట ముద్దలు తగిలితే రెండు రకాల కూలెంట్లు కలిసి విరిగాయనో, లవణం మోతాదు మించిందనో అర్థం.

తర్వాత టెస్ట్ స్ట్రిప్పులు. లారీ విడిభాగాలవాళ్లు తెప్పించి ఇస్తారు, ఆన్‌లైన్లోనూ దొరుకుతాయి. డీజిల్ ఇంజిన్లకని చేసిన స్ట్రిప్పు మీద మూడు గళ్లుంటాయి: ఒకటి గ్లైకాల్ పాలు, రెండోది మాలిబ్డేటు, మూడోది నైట్రైటు. ముంచి తీసి, డబ్బా మీద రాసినంతసేపు ఆగి, అక్కడి రంగుల పట్టీతో పోల్చాలి. ఆలస్యంగా చూస్తే రంగు మారి తప్పుడు లెక్క వస్తుంది. తక్కువని తేలితే లవణాల మందు విడిగా అమ్ముతారు. కొన్ని పెద్ద ఇంజిన్లకు, ముఖ్యంగా కమ్మిన్స్ వాటికి, నీటికీ ఒక ఫిల్టరుంటుంది, మందు అందులోనే నింపి వస్తుంది. కొలవకుండా మాత్రం మందు పోయొద్దు. ఎక్కువైతే అది ముద్దకట్టి రేడియేటర్ గొట్టాల్లో అడ్డుపడుతుంది, వాటర్ పంపు సీలునూ అరగదీస్తుంది.

గ్లైకాల్ పాలును కచ్చితంగా చూడాలంటే రిఫ్రాక్టోమీటరు మేలు. ఒక్క చుక్క చాలు. తేలే గోళీల పరికరం చవకే గానీ వేడిని బట్టి లెక్క మారుతుంది. ఇక పీహెచ్. గ్లైకాల్ పాతబడితే ఆమ్లాలుగా విరుగుతుంది. మామూలు పచ్చ కూలెంటు కొత్తగా ఉన్నప్పుడు పీహెచ్ 8.5 పైనే ఉంటుంది. 7కు దిగిందంటే ఇక మందులతో సరిదిద్దే ప్రయత్నం మానేసి మార్చేయండి.

మల్టీమీటరు ఉన్నవాళ్లు ఇంకొకటీ చూడొచ్చు. నల్ల తీగ బ్యాటరీ మైనస్‌కు పెట్టి, ఎర్ర తీగ మొన రేడియేటర్ నోట్లో కూలెంటుకు మాత్రమే తగిలేలా ముంచండి. 0.3 వోల్టు దాటితే లెక్కలోకి తీసుకోవాలి. లైట్లు, హారన్, స్టార్టరు ఒక్కొక్కటే వేస్తూ చూసినప్పుడు ఏది వేస్తే అంకె ఎగురుతుందో దాని ఎర్తు తీగ సరిగా లేదన్నమాట. ఆ కరెంటు కూలెంటు గుండా పోతూ రేడియేటర్ను తినేస్తుంది. పాత బళ్లకు అదనపు లైట్లూ పాటల పెట్టెలూ తగిలించేటప్పుడు ఎర్తు ఎక్కడ బిగించారో అడిగేవాళ్లు తక్కువ.

మార్చేటప్పుడు జరిగే పొరపాటు లెక్కలో ఉంది. రేడియేటర్ కింది కాక్ విప్పితే అందులోవి మాత్రమే పోతాయి, బ్లాకులోవి అలాగే ఉంటాయి. మొత్తం పది లీటర్ల బండిలో నాలుగు లీటర్ల నీళ్లు లోపలే మిగిలాయనుకోండి. పైన సగం-సగం కలిపి అమ్మే కూలెంటు ఆరు లీటర్లు పోస్తే అసలు గ్లైకాల్ మూడు లీటర్లే, అంటే 30 శాతం. బ్లాకుకున్న డ్రెయిన్ ప్లగ్గు కూడా విప్పాలి. అది తుప్పుపట్టి కదలకపోతే నీళ్లు కలపని చిక్కటి కూలెంటు ఐదు లీటర్లు ముందు పోసి, మిగతా లీటరు డిస్టిల్డ్ వాటరుతో నింపాలి. మన ఎండలకు సగం పాలు తప్పనిసరి కాదు గానీ మూడో వంతుకన్నా తగ్గించొద్దు, ఎందుకంటే తుప్పు మందు వచ్చేదీ ఆ గ్లైకాల్‌తోనే. ఎక్కువ పోస్తే మంచిదనుకోవడమూ పొరపాటే. గ్లైకాల్ నీటికన్నా వేడిని తక్కువగా మోస్తుంది.

ఏళ్ల తరబడి ఉత్త నీళ్లమీద నడిచిన బండికి కూలెంటు పోసిన వారానికే కారడం మొదలైతే జనం కూలెంటును తిడతారు. నిజానికి అన్నాళ్లూ చిల్లును మూసి ఉంచింది తుప్పే. కూలెంటు దాన్ని కదిల్చింది, అంతే. అలాంటి బండికి ముందు నీటిదారులు బాగా కడిగించి, గొట్టాలూ క్లిప్పులూ మార్చాకే కూలెంటు పోయాలి.

ఏ రకం పోయాలంటే రంగును బట్టి కాదు, డబ్బా మీది మాటను బట్టి. ఐదేళ్లు వస్తాయని అమ్మే ఆర్గానిక్ రకాల్లో చాలావాటిలో నైట్రైటు ఉండదు. వాటిలో స్ట్రిప్పు సున్నా చూపిస్తే బెంబేలెత్తి మందు పోయకూడదు. సీసం టంకంతో అతికిన ఇత్తడి-రాగి రేడియేటర్లున్న పాత బళ్లకు నేను పాత తరహాదో, డీజిల్ ఇంజిన్లకని స్పష్టంగా రాసిన హైబ్రిడ్ రకమో పోయమంటాను. రెండేళ్లకోసారి మార్చాల్సి వచ్చినా సరే. "వేడెక్కుతోంది, థర్మోస్టాట్ తీసేద్దాం" అనే సలహాకు మాత్రం ఒప్పుకోవద్దు. చాలా ఇంజిన్లలో అది లేకపోతే బైపాస్ దారి తెరిచే ఉండిపోయి, కొంత నీరు రేడియేటర్ దాకా పోకుండానే తిరిగొస్తుంది.

తీసిన పాత కూలెంటు తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, దూడలు నాకుతాయి, పిల్లలు వేలుపెట్టి చీకుతారు. కొద్దిగా లోపలికి పోయినా కిడ్నీలు దెబ్బతినొచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూతున్న డబ్బాలో పోసి పాత ఆయిల్ తీసుకునేవాళ్లు దీన్నీ తీసుకుంటారేమో అడగండి. ఆయిల్లో మాత్రం కలపొద్దు, చేను గట్టు మీద పారబోయొద్దు.

ఇంజిన్ బోరుకొచ్చినప్పుడు పాత లైనర్లు పాత ఇనుము కొట్టుకు పోకముందు ఒకసారి చేతిలోకి తీసుకుని బయటి వైపు తిప్పి చూడండి. క్రాంక్ షాఫ్టుకు అడ్డంగా ఉండే పక్కన గుండుసూది తలల్లాంటి గుంటలు వరసగా కనిపిస్తే, బుడగలు చేసిన పని అది. కొత్త లైనర్లు వేసేరోజే నైట్రైటున్న కూలెంటు, డిస్టిల్డ్ వాటరు, ఒక స్ట్రిప్పుల డబ్బా కూడా ఆ బిల్లులోనే రాయించుకోండి.