ఓటింగు యంత్రం – ఓటరు విశ్వాసం

హౌరా నుండి దక్షిణాదికి బయలుదేరిన రైలు సుమారు 115 కిలోమీటర్లు ప్రయాణించిన పిదప ఖరగ్‌పూర్ చేరుతుంది. పూర్వపు బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ జంక్షనును, పెద్ద వర్క్‌షాపును నెలకొల్పిన నాటినుండి పని వెదుక్కుంటూ దేశం నలుమూలల నుండి ప్రజలు వచ్చి స్థిరపడినారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తరలివచ్చిన తెలుగువారు వీరిలో గణనీయమైన సంఖ్యలో ఉన్నారు. బెంగాలీ, తెలుగు, హిందీ, ఒడియా, పంజాబీ, తమిళం ఒకే వీధిలో వినవచ్చే ఈ పట్టణానికి ‘చిన్న భారతదేశం’ అన్న పేరు ఊరకే రాలేదు.

ఇది రైల్వే పట్టణం కనుక సిగ్నలు మీద నమ్మకం ఇక్కడి జీవితంలో భాగం. చీకటిలో బండి నడిపే డ్రైవరు ముందున్న పట్టాలు ఏ దిక్కుకు అమర్చి ఉన్నవో కంటితో చూడలేడు. ఆకుపచ్చ దీపాన్ని చూచి ముందుకు సాగుతాడు. 2017లో ఖరగ్‌పూర్ స్టేషనులో దాదాపు 800 మార్గాలను నియంత్రించగల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వ్యవస్థ అమలులోకి వచ్చింది. వేలాది ప్రయాణికుల ప్రాణాలు ఆ యంత్రంపై ఆధారపడి ఉన్నవి.

ఇదే పట్టణ ప్రజలు ఎన్నికల నాడు మరొక యంత్రం ముందు నిలుస్తారు. నీలిరంగు మీట నొక్కుతారు, ఎర్రదీపం వెలుగుతుంది, చిన్న ధ్వని వినిపిస్తుంది. బయటికి వచ్చిన తరువాత కొందరి మనస్సులో ఒక ప్రశ్న మిగిలిపోతుంది: ‘నా ఓటు నేను కోరిన వారికే చేరినదా?’ ఈ ప్రశ్నను అజ్ఞానమని కొట్టివేయడం ఎంత తప్పో, దానికి సమాధానం వెదకకుండానే ఎన్నిక అపహరణకు గురైనదని ప్రచారం చేయడం కూడా అంతే తప్పు.

చేతులు మారిన అనుమానం

2019వ సంవత్సరం ఖరగ్‌పూర్ ఓటర్లకు ఒక వింత అనుభవాన్ని మిగిల్చింది. ఆ యేడు మే నెలలో వెలువడిన లోక్‌సభ ఫలితాలలో ఖరగ్‌పూర్ సదర్ శాసనసభా నియోజకవర్గ పరిధిలో ఒక పక్షానికి పెద్ద ఆధిక్యం లభించింది. ఓటమి పాలైన పక్షం రాష్ట్ర స్థాయిలో యంత్రాలను శంకించి, తిరిగి కాగితపు ఓటునే ప్రవేశపెట్టాలని కోరింది. అదే నియోజకవర్గంలో నవంబరు 25న ఉపఎన్నిక జరిగి, 28న ఫలితం వచ్చింది. ఈసారి గెలుపు రెండవ పక్షానిది. యంత్రాలతో ఏమైనా చేయవచ్చునన్న మాట ఇప్పుడు మొదటి పక్షం నాయకుల నోట వినిపించింది.

పట్టణం మారలేదు, ఓటు వేసే విధానం మారలేదు. ఆరు నెలలలో ఫలితం తారుమారు కాగా, దానితోపాటు అనుమానం కూడా చేతులు మారింది. యంత్రాలు దోషరహితమైనవని దీనివలన రుజువు కాదు. ఓటమి నుండి పుట్టిన ఆరోపణకు, పరిశీలన నుండి పుట్టిన సందేహానికి ఎంతో వ్యత్యాసం ఉన్నదని మాత్రం స్పష్టమవుతున్నది.

కాగితం నాటి శంకలు

యంత్రం రాకముందు ఎన్నికలు సందేహాతీతంగా సాగినవని భావించడం చరిత్రకు విరుద్ధం. 1951–52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో ప్రతి అభ్యర్థికి ఒక ప్రత్యేకమైన పెట్టె ఉండేది. ఓటరు తనకిచ్చిన కాగితంపై ఏ గుర్తూ వేయకుండా, తాను కోరిన అభ్యర్థి చిహ్నమున్న పెట్టెలో దానిని వేసేవాడు. కాగితంపై ముద్ర వేసే పద్ధతి 1962 సార్వత్రిక ఎన్నికల నాటికి వ్యాప్తిలోకి వచ్చింది.

1971 లోక్‌సభ ఎన్నికల అనంతరం ఒక విచిత్రమైన ఆరోపణ వెలువడింది. ఓటు కాగితాలకు ముందుగానే ఏదో రసాయనం పూసినారనీ, ఓటరు వేసిన ముద్ర కొంతసేపటికి మాయమై మరొక గుర్తుపై ముద్ర ప్రత్యక్షమవుతున్నదనీ ఢిల్లీలో పరాజయం పొందిన బలరాజ్ మధోక్ ఆరోపించినారు. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. న్యాయస్థానం ఆ మాటను నవ్వి వదలివేయలేదు. 1972లో కొన్ని ఓటు కాగితాలను నమూనాగా పరిశీలించడానికి అనుమతించింది. చివరకు ఆరోపణ నిలువలేదు. ఈ వివాదం నాటికి మన దేశంలో ఓటింగు యంత్రమే లేదన్నది గమనార్హం.

వాస్తవమైన అక్రమాలు వేరే రూపంలో జరిగేవి. పోలింగు కేంద్రాన్ని ఆక్రమించి, కట్టలకొద్దీ ఓటు కాగితాలపై ముద్రలు వేసి పెట్టెలు నింపడం అనేక రాష్ట్రాలలో జరిగింది. బెంగాలులో దీనికి ‘ఛాప్పా ఓటు’ అన్న పేరు వాడుకలో ఉన్నది. తెలుగు పల్లెలలో ‘రిగ్గింగు’ అన్న ఆంగ్ల పదం నిఘంటువు అవసరం లేకుండానే అందరికీ అర్థమయ్యే స్థితి వచ్చింది.

హైదరాబాదు నుండి పరవూరుకు

ఈ నేపథ్యంలోనే 1977లో ఎన్నికల సంఘం యంత్రం ద్వారా ఓటు వేసే ఆలోచన చేసింది. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ 1979లో నమూనాను రూపొందించింది. 1980 ఆగస్టు 6న రాజకీయ పక్షాల ప్రతినిధుల ఎదుట దానిని ప్రదర్శించినారు. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా ఈ యంత్రాల తయారీలో పాలుపంచుకొన్నది.

1982 మే 19న కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాలలో యంత్రాలను తొలిసారిగా వినియోగించినారు. శివన్ పిళ్ళై 123 ఓట్ల తేడాతో గెలుపొందగా, ఓడిన ఎ. సి. జోస్ న్యాయస్థానాన్ని ఆశ్రయించినారు. చట్టంలో యంత్రం ప్రసక్తి లేనందున అట్టి ఓటింగు చెల్లదని 1984 మార్చి 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేంద్రాలలో తిరిగి కాగితంపై ఓటింగు జరుగగా ఫలితం మారి జోస్ గెలుపొందినారు. 1988 డిసెంబరులో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి యంత్రానికి చట్టబద్ధత కల్పించినారు. 1998లో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలోని 16 శాసనసభా నియోజకవర్గాలలో వాడిన పిదప, 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటా వీటిని ప్రవేశపెట్టినారు.

యంత్రం చేయగలిగినది, చేయలేనిది

ఓటింగు యంత్రంలో ప్రధానంగా రెండు భాగాలున్నవి. అభ్యర్థుల పేర్లు, చిహ్నాలు గల భాగం ఓటరు ముందు ఉంటుంది. ఓట్లను భద్రపరచే నియంత్రణ భాగం ప్రిసైడింగు అధికారి వద్ద ఉంటుంది. అధికారి అనుమతించినప్పుడే ఒక్క ఓటు పడుతుంది. నిమిషానికి నాలుగైదు ఓట్లకు మించి నమోదు కావు. పోలింగు కేంద్రాన్ని ఆక్రమించిన దుండగులు క్షణాలలో వందల ఓట్లు గుద్దే అవకాశం ఇట్లు తగ్గింది. గొడవ తలెత్తితే అధికారి ఒక మీట నొక్కి యంత్రాన్ని మూసివేయవచ్చు. అయితే ఓటరును ఇంటివద్దనే బెదిరించి ఆపివేసినా, ఓటర్ల జాబితాలో పేరు గల్లంతైనా యంత్రం చేయగలిగినది ఏమీ లేదు.

యంత్రం విషయమై నిపుణులు లేవనెత్తిన సందేహాలు కూడా ఉన్నవి. 2010లో హైదరాబాదు ఇంజనీరు హరిప్రసాద్, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ హాల్డర్‌మన్ తదితరులు ఒక భారతీయ ఓటింగు యంత్రాన్ని పరిశీలించి, దాని లోపలి భాగాలను మార్చగలిగితే ఫలితాన్ని కూడా మార్చవచ్చునని ప్రదర్శించినారు. ఆ యంత్రం వారికి లభించిన తీరుపై కేసు నమోదై హరిప్రసాద్ అరెస్టయినారు. సీళ్లు, కాపలా, తనిఖీలు ఉండగా యంత్రం లోపలికి ఎవరూ చేరలేరన్నది ఎన్నికల సంఘం వాదన. ఈ వాదోపవాదాలలో రెండు పక్షాలూ ఒక విషయాన్ని అంగీకరించినట్లే అయినది: యంత్రం భద్రత దాని నిర్మాణంలోనే కాక, దానిని కాపాడే మనుషుల జాగ్రత్తలో కూడా ఉన్నది.

2009 మార్చి 3న జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఇంకొక మౌలికమైన ప్రశ్న వేసింది. సాంకేతిక పరిజ్ఞానం లేని సామాన్య పౌరుడు కూడా ఎన్నికలోని ముఖ్యమైన దశలను తానుగా పరిశీలించగలగాలని చెప్పి, అంతకు పూర్వం అక్కడ వాడిన యంత్రాలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది. బ్రెజిల్ మాత్రం 1996 నుండి యంత్రాలనే వాడుతున్నది.

ఏడు సెకన్ల సాక్ష్యం

సామాన్య పౌరునికి కంటితో కనిపించే సాక్ష్యం కావాలన్న కోరికకు మన దేశం ఇచ్చిన సమాధానం వీవీప్యాట్ అనే ముద్రణ యంత్రం. ఓటు పడగానే అభ్యర్థి పేరు, చిహ్నం ముద్రించిన చీటీ గాజు కిటికీ వెనుక ఏడు సెకన్లు కనిపించి, సీలు వేసిన పెట్టెలో పడుతుంది. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉపఎన్నికలో దీనిని తొలిసారి వాడినారు. దశలవారీగా దీనిని అమలు జరపవలెనని అదే సంవత్సరం అక్టోబరు 8న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2019 లోక్‌సభ ఎన్నికల నాటికి అన్ని పోలింగు కేంద్రాలకు ఇది చేరింది. చంద్రబాబునాయుడు, మరికొందరు నాయకులు వేసిన వ్యాజ్యంలో, ప్రతి శాసనసభా నియోజకవర్గ పరిధిలో ఐదు కేంద్రాల చీటీలను యంత్రపు లెక్కతో సరిపోల్చాలని 2019 ఏప్రిల్ 8న న్యాయస్థానం నిర్దేశించింది.

చీటీలన్నింటినీ లెక్కించాలన్న కోరికను 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు అంగీకరించలేదు. అయితే రెండవ, మూడవ స్థానాలలో నిలిచిన అభ్యర్థులు కోరితే ఐదు శాతం యంత్రాలలోని మైక్రోకంట్రోలర్లను ఇంజనీర్లచే తనిఖీ చేయించే అవకాశం కల్పించింది. ఆ తీర్పులోనే ఆంధ్రప్రదేశ్‌లోని మైదుకూరు ప్రస్తావన వచ్చింది. 2019లో అక్కడి ఒక పోలింగు కేంద్రంలో చీటీల లెక్కకు, యంత్రపు లెక్కకు పొంతన కుదరలేదు. విచారింపగా, పోలింగుకు ముందు ఏజెంట్ల ఎదుట జరిపే నమూనా ఓటింగు తాలూకు ఓట్లను అధికారి తొలగించలేదని తేలింది. తప్పు మనిషిది, దానిని బయటపెట్టినది కాగితపు చీటీ.

రైలు పట్టాలు నేర్పిన పాఠం

యంత్రం పనితీరుకు మనిషి జాగ్రత్త ఎంత అవసరమో ఖరగ్‌పూర్ ప్రజలకు వేరుగా చెప్పనక్కరలేదు. 2023 జూన్ 2న ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బహనాగా బజార్ స్టేషను వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురై, 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. ప్రధాన మార్గానికి ఆకుపచ్చ సిగ్నలు వెలిగింది. పట్టాలు మాత్రం గూడ్సు బండి నిలిచి ఉన్న లూపులైను వైపుకు అమరి ఉన్నవి. పూర్వం సిగ్నలు వైర్లలో చేసిన మార్పులలోను, ఆనాడు లెవెల్ క్రాసింగ్ గేటు వద్ద జరిగిన పనిలోను లోపాలున్నవని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో వెల్లడైంది. అదే డివిజన్‌లోని బాంక్రా నయాబాజ్ స్టేషనులో 2022 మే 16న వైర్ల పొరపాటు వలననే ఇటువంటి లోపం తలెత్తిందనీ, అప్పుడే తగిన చర్యలు తీసుకొని ఉన్నట్లయితే ఈ ఘోరం జరిగేది కాదనీ ఆ నివేదిక పేర్కొన్నది.

ఈ దుర్ఘటన తరువాత సిగ్నళ్లను తొలగించి, తిరిగి చేతి జెండాలతో రైళ్లు నడపాలని ఎవరూ కోరలేదు. అట్లని యంత్రం ఎన్నడూ పొరబడదని సరిపెట్టుకొన్నవారూ లేరు. ప్రతి మార్పుకూ పరీక్ష ఉండాలి; ఆ పరీక్షకు ఇంకొకరు సాక్షిగా ఉండాలి; చిన్న లోపం కనిపించినా దానిని మూలం దాకా విచారించాలి. ఓటింగు యంత్రానికి కావలసిన నియమాలు కూడా ఇవే.

పౌరుని బాధ్యత

ఇందుకు అవసరమైన అవకాశాలు నిబంధనలలో చాలావరకు ఉన్నవి. ఏ యంత్రం ఏ కేంద్రానికి వెళ్లాలన్నది యాదృచ్ఛికంగా నిర్ణయిస్తారు. పోలింగుకు ముందు ఏజెంట్ల సమక్షంలో కనీసం 50 నమూనా ఓట్లు వేసి, లెక్క చూచి, వాటిని తుడిచివేయాలి. పోలింగు ముగిసిన పిమ్మట పోలైన ఓట్ల సంఖ్యను 17సి పత్రంలో వ్రాసి ఏజెంట్లకు ప్రతులు ఇవ్వాలి. లెక్కింపు నాడు ఆ సంఖ్యను యంత్రపు సంఖ్యతో పోల్చి చూడవచ్చు. తాను వేసిన ఓటుకు భిన్నమైన చీటీ కనిపించిందని ఓటరు ఫిర్యాదు చేస్తే, అందరి ఎదుట పరీక్ష ఓటు వేయించి చూడాలన్న నియమం ఉన్నది. అయితే తెల్లవారుజామున నమూనా ఓటింగుకు రాని ఏజెంటు, 17సి ప్రతిని తీసుకొనని పక్షం, ఫలితం వెలువడిన తరువాత చేసే ఆరోపణకు బలం ఎక్కడినుండి వస్తుంది?

ప్రభుత్వ యంత్రాంగానికి కూడా సమానమైన బాధ్యత ఉన్నది. ప్రశ్నించిన ప్రతి వ్యక్తినీ అనుమానించే వ్యవస్థ తన విశ్వసనీయతనే తగ్గించుకొంటుంది. వివరణ ప్రజలకు అర్థమయ్యే భాషలో అందాలి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషలలో స్థానం కల్పించాలని నిర్ణయించడం ఈ దృష్టితో ఆహ్వానింపదగినది. నమూనా ఓటింగు అంటే ఏమిటో, చీటీ ఎందుకు చూసుకోవాలో ఖరగ్‌పూర్‌లోని తెలుగు కార్మికునికి అతని మాతృభాషలో తెలిసినప్పుడు వదంతికి చోటు తగ్గుతుంది.

ఖరగ్‌పూర్ శివార్లలోని హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న ఇద్దరు రాజకీయ ఖైదీలు పోలీసు కాల్పులకు బలియైనారు. ఆ భవనంలోనే 1951లో దేశపు తొలి ఐ.ఐ.టి. ప్రారంభమైంది. స్వాతంత్ర్యం కోసం చేసిన త్యాగం, సాంకేతిక విజ్ఞానం ఒకే కప్పు క్రింద కలిసిన చోటు అది. నేటి విద్యార్థి రేపటి ఓటరు. బహుశా పోలింగు అధికారి, ఏజెంటు లేక ఇంజనీరు కూడా. యంత్రాన్ని గ్రుడ్డిగా నమ్మకుండా, గ్రుడ్డిగా తిరస్కరించకుండా, ఏ దశలో ఏమి తనిఖీ చేయాలో తెలుసుకొని ఆ వేళకు అక్కడ ఉండడమే అతడు ప్రజాస్వామ్యానికి చేయగల సేవ.