పాస్‌వర్డ్ కరెక్టే.. అయినా మెయిల్ లాగిన్ కావట్లేదా? డోవ్‌కాట్ 2.4 పెట్టిన తిరకాసు ఇదే

ఫోన్‌లో ఆఫీస్ మెయిల్ ఉన్నట్టుండి ‘పాస్‌వర్డ్ తప్పు’ అంటుంది. జాగ్రత్తగా మళ్లీ కొట్టినా అదే మాట. సొంత సర్వర్ మీద మెయిల్ నడిపే చిన్న కంపెనీలోనో, కాలేజీలోనో ఇలా అయితే మీ ఫోన్‌ని రీసెట్ చేసేయకండి. ముందు అడ్మిన్‌ని ఒక్క మాట అడగండి: సర్వర్ ఈమధ్య అప్‌డేట్ చేశారా?

ఇలాంటి చాలా సర్వర్లలో లాగిన్ చెక్ చేసేది డోవ్‌కాట్. అకౌంట్లు తెరవడం, పాస్‌వర్డ్‌లు మార్చడం పోస్ట్‌ఫిక్స్ అడ్మిన్ లాంటి ప్యానెల్ పని. ప్యానెల్ పాస్‌వర్డ్‌ని హాష్‌గా మార్చి డేటాబేస్‌లో రాస్తుంది, డోవ్‌కాట్ దాన్ని చదివి పోల్చి చూస్తుంది.

2025 జనవరిలో డోవ్‌కాట్ 2.4 వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో రిలీజైన డెబియన్ 13లో ఉన్నదీ ఈ సిరీసే. 2.3 నాటి కాన్ఫిగ్ ఫైల్ దీనికి పనికిరాదు, సర్వీస్ స్టార్టే కాదు. అది కంటికి కనిపించే సమస్య కాబట్టి కూర్చుని సరిచేస్తారు. అసలు చిక్కు ఆ తర్వాతే. సర్వీస్ నడుస్తుంటుంది, కొందరికి మెయిల్ వస్తుంటుంది, పాత అకౌంట్ల వాళ్లకి మాత్రం రాదు!

కారణం ఎండీ5-క్రిప్ట్. పోస్ట్‌ఫిక్స్ అడ్మిన్‌లో ఏళ్ల తరబడి డీఫాల్ట్ ఇదే. దీన్ని తయారుచేసిన పౌల్-హెన్నింగ్ కాంప్ స్వయంగా 2012లోనే ఇది ఇక సేఫ్ కాదని ప్రకటించారు. లోపల వేసేది 1000 రౌండ్లే. గేమ్స్ కోసం కొన్న గ్రాఫిక్స్ కార్డ్ కూడా సెకనుకు లక్షల పాస్‌వర్డ్‌లు ట్రై చేసేయగలదు. అందుకే 2.4 ఇలాంటి వీక్ స్కీమ్‌లని డీఫాల్ట్‌గా తిరస్కరిస్తోంది. నన్నడిగితే ఈ పని ఎప్పుడో చేయాల్సింది.

‘ఆథ్ అలో వీక్ స్కీమ్స్’ అనే సెట్టింగ్‌కి ‘ఎస్’ పెడితే నిమిషంలో అందరికీ మెయిల్ వచ్చేస్తుంది. ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నప్పుడు అది పెట్టడంలో తప్పేం లేదు. కాకపోతే చాలా చోట్ల కథ అక్కడే ఆగిపోతుంది. డేటాబేస్ ఎప్పుడైనా లీకైతే అందరి పాస్‌వర్డ్‌లూ పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే.

హాష్ నుంచి పాస్‌వర్డ్ వెనక్కి రాదు కాబట్టి, పాత వాటిని ఒకేసారి కొత్త స్కీమ్‌కి మార్చేసే మంత్రమేదీ లేదు. ముందు ప్యానెల్ కాన్ఫిగ్‌లో ఎన్‌క్రిప్ట్ ఆప్షన్‌ని ఎస్‌హెచ్‌ఏ512-క్రిప్ట్‌కి మార్చాలి, లేకపోతే కొత్తగా పెట్టే పాస్‌వర్డ్‌లూ పాత పద్ధతిలోనే పడతాయి. హాష్ ముందు బ్రాకెట్లో స్కీమ్ పేరు లేకపోతే డోవ్‌కాట్ తన డీఫాల్ట్ స్కీమ్‌నే అనుకుంటుంది, అదీ ఒకసారి చూసుకోవాలి. తర్వాత మెయిల్‌బాక్స్ టేబుల్‌లో $1$తో మొదలయ్యే హాష్‌లు వెతకండి. అవే ఎండీ5 అకౌంట్లు. కొత్తవి $6$తో మొదలవుతాయి. ఆ లిస్ట్‌లో ఉన్నవాళ్లకి గడువు చెప్పి పాస్‌వర్డ్ మార్పించండి. ఎవరూ వాడని అకౌంట్లని డిసేబుల్ చేసేయొచ్చు. $1$ల సంఖ్య సున్నా అయిన రోజు ఆ సెట్టింగ్ తీసేయండి.

పాత పాస్‌వర్డ్‌నే మళ్లీ పెట్టుకోనివ్వకండి. పాత బ్యాకప్ ఫైళ్లలో దాని ఎండీ5 హాష్ ఇంకా అలాగే ఉంటుంది మరి!