కొలతల పుస్తకంలో డిగ్రీ

లాల్‌దర్వాజా మీద ముఖచిత్ర కథనం అంటే బోనాలే. ఆషాఢం వస్తే సింహవాహిని మహంకాళి గుడి, పోతరాజులు, మర్నాటి ఘటం ఊరేగింపు. ఈసారి మా ఎడిటర్ గారు వేరే పని అప్పగించారు. ‘‘ఓపెన్ డిగ్రీ అడ్మిషన్ల కాలం కూడా ఇదే. కాలేజీ గడప తొక్కకుండా ఇంట్లోనే చదువుకుని పరీక్షలు రాసేవాళ్ల గురించి పాతబస్తీ నుంచి రాయండి. ఈ క్రెడిట్లంటే ఏమిటో మామూలు పాఠకుడికి తెలియాలి. గురువారం రాత్రికి పేజీలు వెళ్లిపోవాలి’’ అన్నారు. అప్పటికి సోమవారం సాయంత్రం. మంగళవారమంతా నిబంధనల కాగితాలతో సరిపోయింది. బుధవారం పొద్దున్నే శాలిబండ దాటి, లాల్‌దర్వాజాలో మా చిన్నమ్మ ఇంటికి వెళ్లాను.

చిన్నమ్మ బ్లౌజులు కుడుతుంది. పదో తరగతితో చదువు ఆగి పెళ్లయింది. పిల్లలు చేతికి అందాక ఓపెన్ స్కూల్లో ఇంటర్ పూర్తి చేసి, డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏకి చేరింది. నేను అడగాలనుకున్న ప్రశ్నలు ఓ కాగితం మీద రాసుకుని వెళ్లాను గానీ, వాటి అవసరమే రాలేదు. మిషన్ సొరుగులోంచి తీసి ఆమె నా ముందు పెట్టిన పుస్తకం ముందు అవన్నీ వెలవెలబోయాయి.

అది కొలతల పుస్తకం. పొడుగ్గా ఉండే రూళ్ల పుస్తకం, అట్ట ఊడిపోకుండా చుట్టూ లైనింగు గుడ్డ వేసి కుట్టింది. ముందువైపు తెరిస్తే ఆమె బతుకుతెరువు. పొడవు 14, ఛాతీ 36, చేతులు 10, వెనక మెడ 9. పక్కనే గుండుసూదితో గుచ్చిన బట్ట ముక్క, ‘శుక్రవారం ఇయ్యాలె’ అన్న మాట. పుస్తకాన్ని తిప్పి తలకిందులుగా వెనకవైపు నుంచి తెరిస్తే ఆమె చదువు. అవే రూళ్లు, అదే పెన్ను. కాకపోతే అక్కడ అంగుళాల బదులు గంటలు.

‘‘రా 10.15 – 11.30. వెబర్. మల్ల చదవాలె.’’
‘‘రా 10 – 10.40. కరెంటు పాయె.’’
‘‘మ 2 – 3. అదే పాఠం. ఇప్పుడు తెలిసింది.’’

ఈ మూడు వరుసల దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. ప్రభుత్వ పాలనా శాస్త్రం పాఠాల్లో మాక్స్ వెబర్ వస్తాడు. అధికార యంత్రాంగానికి రాతపూర్వక నియమాలు ఉంటాయని, ఎవరి పరిధి వారిదేనని, కింది నుంచి పైకి మెట్లు మెట్లుగా నడుస్తుందని చెప్పిన జర్మన్ పండితుడు. రెండు రాత్రులు కొరుకుడు పడని పాఠం మూడోనాటి మధ్యాహ్నం ఎలా తెలిసిందని అడిగాను. ‘‘ఏమున్నది బిడ్డా, కార్డుల మార్పు కోసం ఆఫీసుకు పోయిన. ఒక్క కాయితం నాలుగు టేబుళ్లు తిరిగింది. లైన్ల నిలబడ్డప్పుడు యాదికొచ్చింది. ఇంటికొచ్చి చదివితే సమజైంది’’ అంది. లైన్లో నిలబడిన సేపు ఎంతని అడిగాను. రెండు గంటలట. పుస్తకంలో ఆ రెండు గంటలు లేవు. ఇంటికొచ్చాక చదివిన ఒక్క గంటే ఉంది.

గంటలు రాయడం ఎందుకు మొదలుపెట్టిందో చెప్పాలి. స్టడీ సెంటర్లో తొలి ఆదివారం తరగతిలో పాఠం చెప్పే సారు క్రెడిట్ గురించి వివరించారట. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. పుస్తకం చదవడం, పాఠం వినడం, అసైన్‌మెంట్ రాయడం, పరీక్షకు తయారవడం, అన్నీ కలిపి 30. నాలుగు క్రెడిట్ల పేపరంటే 120 గంటలు. మిగతావాళ్లు విని ఊరుకున్నారు. చిన్నమ్మ దాన్ని కొలతగా తీసుకుంది. 14 అంగుళాలంటే 14 అంగుళాలే కదా, 120 గంటలంటే 120 గంటలే అనుకుంది. పేపరుకో పేజీ కేటాయించి, కూర్చున్న ప్రతిసారీ మొదలూ ఆఖరూ రాసుకుంది.

ఆ పేజీలు చదువుతుంటే ఓ ఇంటి ఏడాదంతా కళ్లముందు నడుస్తుంది. పెళ్లిళ్ల కాలంలో గంటలు సన్నబడిపోతాయి, అటువైపు కొలతలు లావెక్కుతాయి. మూఢం రోజుల్లో చదువు పుంజుకుంటుంది. ఒకచోట ఏడు రూళ్లకు అడ్డంగా ‘బోనాలు’ అని ఒకే మాట, ఇంకేమీ లేదు. మరోచోట ‘జ్వరం, అయినా అరగంట’. ఆ అరగంట దగ్గర చిన్న గీత ఉంది. తర్వాత కొట్టేసింది. ఏమిటని అడిగితే, ‘‘కూసున్న గని కండ్లు మూసుకుపోయినయి. అది చదువెట్ల అయితది?’’ అంది.

ప్రభుత్వ పాలన పేపరు పేజీ అడుగున మొత్తం కట్టింది. 97½. పక్కన 120లోంచి తీసేసి 22½ అని రాసి చుట్టూ గుండ్రంగా గీసింది. పేపరు పాసయింది, మంచి మార్కులే వచ్చాయి. అయినా ఆ 22½ దగ్గర ఆమెకింకా వెలితిగానే ఉంది. ‘‘హెమ్మింగ్ చేసేటప్పుడు ఫోన్ల టీ-శాట్ పాఠం పెట్టుకుంట. చేతులు పని చేస్తయి, చెవులు ఇంటయి. కాజాలు కుట్టుకుంట నోట్లనే ప్రశ్నలు అనుకుంట. గవి ఏ లెక్కల రాయాలె?’’ అని నన్ను అడిగింది. సారును అడగలేదా అన్నాను. ‘‘నవ్వుతరని అడగలె’’ అంది.

రాయొచ్చు చిన్నమ్మా అన్నాను. నిబంధనలు పెట్టినవాళ్లు ఆ 30 గంటలను గడియారం పట్టుకుని కొలవరు. మామూలు విద్యార్థికి ఇంత కాలం పడుతుందన్న అంచనా అది. పరీక్ష పాసయితే గంటలు పూర్తయినట్టే. కాలేజీ విద్యార్థి హాజరు 75 శాతం ఉందా లేదా అని చూస్తారు గానీ, ఆ గంటల్లో అతను పాఠం విన్నాడో కిటికీలోంచి బయటికి చూశాడో ఎవరూ రాయరు. చిన్నమ్మ కునుకు పట్టిన అరగంటను కూడా కొట్టేసింది. ఇంత నిక్కచ్చిగా క్రెడిట్ సంపాదించుకున్న విద్యార్థిని నేను ఏ కాలేజీలోనూ చూడలేదు.

జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం ఏడాది చదువుకు 40 క్రెడిట్లు, 1200 గంటలు. సెమిస్టరుకు 600. ఆరు నెలలకు పంచితే రోజుకు మూడు గంటల ఇరవై నిమిషాలు, ఆదివారం పండుగ లేకుండా. మిషన్ మీద ఎనిమిది గంటలు కూర్చునే మనిషికి ఇవి ఎక్కడి నుంచి వస్తాయి? నిద్రలోంచే. ఈ లెక్క వేశాక, ‘ఓపెన్ డిగ్రీయా, అయితే సులువే’ అనే మాట వింటే నాకు కోపం వస్తోంది. చిన్నమ్మ ఆ మాట విన్నది. ఓ బడిలో కుట్టుపని నేర్పే టీచరు కావాలంటే దరఖాస్తు పెట్టుకుంది. డిగ్రీ చదువుతున్నాననగానే ఎదుటివాళ్లు అడిగిన మొదటి ప్రశ్న ‘రెగ్యులరా, ఓపెనా’ అని. రెండో ప్రశ్న అడగలేదు.

పెట్టె: కాలేజీలో ఉంటూనే సొంతంగా

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం పోర్టల్ 2017లో మొదలైంది. అందులో చేరడానికి, పాఠాలు వినడానికి రుసుము లేదు. పరీక్ష రాయాలంటేనే కట్టాలి. అందులోని ఐఐటీల ఎన్‌పీటెల్ కోర్సుల్లో వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25, పరీక్ష కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75 మార్కులు. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకూ ఇలా పూర్తిచేసి, ఆ క్రెడిట్లు తమ డిగ్రీలో కలుపుకోవచ్చు. అయితే తమ కాలేజీ లేదా యూనివర్సిటీ ఆ కోర్సును ముందే ఆమోదించిందో లేదో కనుక్కుని చేరాలి. అదే ఏడాది వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో విద్యార్థి పేరిట ఖాతా ఉంటుంది. అందులో పడిన క్రెడిట్లు ఏడేళ్ల వరకూ చెల్లుతాయి. మధ్యలో చదువు ఆపినవాళ్లు మళ్లీ మొదటికి రావక్కర్లేదు.

సొంతంగా చదివి పరీక్ష రాయడం మన దగ్గర కొత్తదేం కాదు. ‘ప్రైవేటుగా కట్టి పాసయ్యాడు’ అన్న మాట మన తాతల నాటిది. 1857లో పెట్టిన మద్రాసు యూనివర్సిటీ మొదట్లో పాఠాలు చెప్పేది కాదు, పరీక్షలు పెట్టేది. లండన్ యూనివర్సిటీ 1858 నుంచి ఎక్కడ చదివినవాళ్లయినా వచ్చి పరీక్ష రాయొచ్చంది. నిజాం ఏలుబడిలో తెలుగుకు బడుల్లో చోటు దక్కని కాలంలో, 1943లో హైదరాబాద్‌లో పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు తెలుగు పరీక్షలు నడిపింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ బడికి దూరమై, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లొచ్చి, సొంతంగా చదివి బెనారస్ హిందూ యూనివర్సిటీ మెట్రిక్ పాసయ్యారు. ఆపై లా చదివి రాజ్యాంగ సభకు వెళ్లారు. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన హైదరాబాద్‌లో పుట్టింది. అప్పటి పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు. అర్హత పరీక్ష గట్టెక్కితే చాలు, ఏ సర్టిఫికెట్టూ లేకపోయినా డిగ్రీలో చేర్చుకుంది. తొలి వైస్ ఛాన్సలర్ జి.రాంరెడ్డి ఆ తర్వాత ఢిల్లీ వెళ్లి 1985లో ఇగ్నోకూ తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆయన బోధించిందీ పాలనా రాజకీయ శాస్త్రాలే. చిన్నమ్మ పేజీలో 97½ దగ్గర ఆగిన పేపరు ఆయన సొంత విషయం.

ఈ పద్ధతిలో నాకు నచ్చనిదీ ఒకటుంది. ఎక్కడో ఒకచోట పేరు నమోదు చేసుకుని, వాళ్లు చెప్పిన వరుసలో నడిస్తేనే మన దగ్గర క్రెడిట్. ముందే వచ్చిన విద్యకు నేరుగా పరీక్ష పెట్టి, ‘ఇది నీకు వచ్చు, ఇదిగో క్రెడిట్’ అనే అలవాటు ఇంకా స్థిరపడలేదు. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం పని అనుభవానికీ మదింపు చేసి క్రెడిట్ ఇవ్వొచ్చంటోంది. కాగితం మీది మాట అది. చిన్నమ్మ చేతిలో పాతికేళ్ల అనుభవం ఉంది. ఎదుటి మనిషిని నిలబెట్టి చూసి టేపు పెట్టకముందే భుజం కొలత చెబుతుంది. వంపు భుజానికి గుడ్డ ఎక్కడ మడవాలో, ఐమూల కోతలో గుడ్డ ఎంత సాగుతుందో ఆమెకు తెలిసినంత ఫ్యాషన్ డిజైనింగ్ మొదటి ఏడాది విద్యార్థికి తెలియదు. ఆ విద్యకు లాల్‌దర్వాజా నుంచి నడిచి వెళ్లి పరీక్ష రాసే బల్ల ఒకటి ఉండాలి. ఈ కథనం చదివే అధికారులు ఎవరైనా ఉంటే నేను అడిగేది ఇదొక్కటే.

పెట్టె: అమెరికాలో మనవాళ్ల పిల్లలు

అక్కడ కాలేజ్ బోర్డు 1967 నుంచి క్లెప్ పరీక్షలు నడుపుతోంది. చరిత్ర, జీవశాస్త్రం, ఆర్థికశాస్త్రం లాంటి విషయాల్లో ఎలా నేర్చుకున్నారని అడగరు. పుస్తకం చదివారా, ఇంట్లో ఎవరైనా చెప్పారా, ఉద్యోగంలో వచ్చిందా, ఏదైనా సరే. స్కోరు 20 నుంచి 80 మధ్య ఉంటుంది. చాలా విషయాల్లో 50 వస్తే క్రెడిట్ ఇవ్వొచ్చని సిఫారసు. ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలన్నది మాత్రం కాలేజీ ఇష్టం. అక్కడ ఫీజు క్రెడిట్ల లెక్కన కట్టాలి కనుక, ఒక పరీక్ష పాసయితే ఆ కోర్సు ఫీజు మిగిలినట్టే. పిల్లలను అక్కడ చదివిస్తున్న మన తల్లిదండ్రులు చేరేముందే ఆ కాలేజీ క్లెప్ విధానం చూసుకోవడం మంచిది.

బుధవారం మధ్యాహ్నం దాటింది. గల్లీలో బోనాలకు పందిరి గుంజలు దించుతున్నారు. ఒకావిడ జాకెట్ ముక్క పట్టుకుని వచ్చింది, ‘‘పండుగకు ఇస్తవా అక్కా’’ అంటూ. చిన్నమ్మ పుస్తకాన్ని నా చేతిలోంచి తీసుకుని ముందువైపుకు తిప్పి కొలతలు రాసుకుంది. ఆవిడ వెళ్లాక మళ్లీ వెనకవైపుకు తిప్పి, ఆ రోజు తేదీ వేసింది. నేనున్నంతసేపూ మాట్లాడింది పాఠాల గురించే కదా, అది రాసుకో అన్నాను. కాసేపు ఆలోచించి, తేదీ పక్కన ‘అరగంట’ అని రాసింది.

కొలతలు అటు నుంచి వస్తున్నాయి, గంటలు ఇటు నుంచి వస్తున్నాయి. మధ్యలో తెల్ల కాగితాలు లెక్కపెట్టాను, ఆరున్నాయి. ఇంకా రెండు పేపర్లు మిగిలాయి కదా, సరిపోతాయా అని అడిగాను.

‘‘చదువుకు సరిపోతయి బిడ్డా’’ అంది. ‘‘కొలతలకు రేపు కొత్త బుక్కు కొంట.’’